బొటనవేలి తూకం

నా కుడికాలి బొటనవేలి మొదట్లో ఇప్పటికీ ఒక సన్నని గీత ఉంది. పిల్లను ఊపే తొట్టెల తాడు కోసిన గుర్తు అది. చెప్పుల అంగడివాడు దాన్ని చూసి ఎప్పటిదో దెబ్బ అనుకుంటాడు. నేను కాదనను. అంత కథ వినే తీరిక అతనికి ఉండదు.

గద్వాలలో మా అత్తవారిది మగ్గం ఇల్లు. మట్టి మిద్దె, ముందర ఒక పొడుగాటి గది, అందులో నేల తవ్వి దింపిన మగ్గం గుంట. మా మామ, మా ఆయన ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని పక్కపక్కన కూర్చుని నేసేవారు. నూలు చీరకు పట్టు అంచు కలపడం మా ఊరి పనితనం, అది ఒక్క మనిషితో అయ్యేది కాదు. నా వంతు నేతకు కావలసిన దారం కండెలకు చుట్టడం. ఒక చెయ్యి రాట్నానికి పోయేది, ఒక చెయ్యి దారానికి పోయేది. మిగిలింది కాలు. తొట్టెల తాడు బొటనవేలికి కట్టుకుని, వేలు ముడిస్తే ఇటు, వదిలితే అటు, పిల్లను ఊపుతూ కండెలు చుట్టేదాన్ని. మా వీధిలో పసిపిల్ల ఉన్న ప్రతి ఇంట్లో కోడలి కాలు అట్లాగే కట్టుబడి ఉండేది.

ఆ రోజులు తలుచుకుంటే నాకు ముందుగా వెలుతురే గుర్తొస్తుంది. మిద్దెకు పెట్టిన గవాక్షం లోంచి గదిలోకి ఎండ ఏటవాలుగా దిగేది. అందులో నూలు పొట్టు తేలుతూ ఉండేది, కిందికి దిగేది కాదు, పైకి పోయేది కాదు. దారం మోసుకుని నాడె అటూ ఇటూ పోయే చప్పుడు, రాట్నం గుర్రుమనడం, తొట్టెల వేలాడే దూలం కిర్రుమనడం, అన్నీ కలిసి నన్ను సగం నిద్రలోకి తీసుకుపోయేవి. నాకు పదిహేడేళ్లు. పిల్లతో సరిగ్గా నిద్రపోయి ఎన్నాళ్లయిందో కూడా లెక్క లేదు. అట్లాంటి ఒక మధ్యాహ్నం, వెనక్కి తిరగకుండానే, "అత్తమ్మా, పిల్లను ఎత్తుకున్నవా?" అని అడిగాను.

అత్తమ్మ నిజంగానే చప్పుడు కాకుండా వచ్చి, నిద్రపోతున్న పిల్లను తీసి భుజాన వేసుకుని ఉంది. నా వీపుకు కళ్లున్నాయా అని విస్తుపోయింది. వేలికి తెలిసింది అన్నాను. మగ్గం ఆగిపోయింది. మా ఆయన తల తిప్పి మా వైపు చూశాడు.

ఆయన గురించి కొంచెం చెప్పాలి. ఎనిమిదో తరగతి దాకా ఉర్దూ బడిలో చదివాడు. మామకు భుజం పట్టేసి నాడె వెయ్యలేని కాలంలో బడి మాన్పించి గుంటలో కూర్చోబెట్టారు. పేచీ పెట్టలేదట. కానీ సైన్సు కితాబు ఒకటి చీర ముక్కలో చుట్టి గూట్లో దాచుకున్నాడు. అన్నం తిన్నాక దాన్ని విప్పి, అత్తరు వాసన చూసినట్టు చూసి, మళ్లీ చుట్టి పెట్టేవాడు. పెళ్లయిన కొత్తలో నాకు ఆ కితాబు మీద ఒళ్లు మండేది. తర్వాత ఆయన దగ్గరే నేను అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి ఇప్పుడు ఏమీ అనకూడదు.

"పిల్ల బరువును దూలం మోస్తున్నది. నీ వేలు మోస్తలేదు. మరి నీ వేలికి తెలిసిందేంది?" అన్నాడు.

నాకు తెలిసిన తీరులో చెప్పాను. ఖాళీ తొట్టెల పిలవగానే వస్తుంది. పిల్ల ఉంటే కొంచెం ఆలోచించుకుని వస్తుంది. ఆయన ముఖం వెలిగిపోయింది. కితాబులో నాలుగు పేజీలు రాసింది ఇదేనట. ఆగి ఉన్న వస్తువు ఆగే ఉంటానంటుంది, కదిలితే కదులుతూనే ఉంటానంటుంది, లోపల సరుకు ఎంత ఉంటే అంత మొండితనం. ఆ సరుకు పేరు కమియత్, భూమి దాన్ని కిందికి గుంజే గుంజుడు పేరు వజన్, రెండూ ఒకటి కావు. ఇదంతా విని అత్తమ్మ, "మీ నాయన సంగతి గూడ రాసిండ్రా ఆ కితాబుల?" అంది. మామ గుంటలో దగ్గాడు, అంతే.

నేను మాత్రం నవ్వలేదు. నా మనసు వేరే దగ్గర ఉంది.

పిల్ల ఎనిమిదో నెలలో పుట్టింది, వనపర్తిలో మా అమ్మగారింట్లో. మంత్రసాని దాన్ని ఒక్క అరచేతిలో పట్టుకుని దీపం దగ్గర చూసింది, బతుకుతుందని గాని బతకదని గాని అనలేదు. నాలుగో నెల పెట్టాక రైల్లో తీసుకొచ్చారు. స్టేషనులో బండి కదిలినప్పుడు డబ్బాలో అందరం వెనక్కి ఒరిగాం, నేను పిల్లను రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. బండి పోయింది, మనం ఉన్నచోటే ఉందామనుకున్నాం, అంతే అని మా ఆయన అప్పుడే ఏదో చెప్పబోయాడు. నాకు వినే ఓపిక లేదు. కృష్ణ వంతెన మీద నీళ్లు మెరుస్తుంటే ఒకటే అనుకున్నాను, ఇది పెరుగుతున్నదా లేదా.

ఆ ఒక్క మాటకు ఒక్కొక్కరిది ఒక్కో జవాబు. ఒక అమ్మలక్క వచ్చి ఒళ్లు చేసింది అనేది, ఇంకొకామె వచ్చి చిక్కింది అనేది. నా చేతులు అంతకన్నా అబద్ధాలకోరువి. పొద్దున ఎత్తుకుంటే పిల్ల దూది, సాయంత్రం రెక్కలు నొస్తుంటే పిల్ల రాయి. దవాఖానలో కంపౌండరు, నెల నెలా తూచి చెప్పండి, తగ్గితే వెంటనే తీసుకురండి, ఈ పిల్లకు తగ్గడం మంచిది కాదు అన్నాడు. తూచడానికి ఎక్కడికో పోనక్కర్లేదు. నూలు తూచే తక్కెడ మా గూట్లోనే ఉంది.

కానీ అత్తమ్మ ఒప్పుకోలేదు. పుట్టెంట్రుకలు తీసేదాకా పిల్లను తక్కెట్లో పెట్టకూడదంది. అది మా వైపు చాలా ఇళ్లలో ఉన్న పట్టింపే. ఆమెకు పట్టింపు కన్నా ఎక్కువ. మా ఆయనకు ముందు ఆమెకు ఇద్దరు కొడుకులు. మొదటివాడు మూడో నెలలో జ్వరంతో పోయాడు. రెండోవాణ్ణి ఇంటికి వచ్చిన చుట్టం ఒకాయన సరదాకు నూలు తక్కెట్లో కూర్చోబెట్టాడు. వాడు నవ్వాడట, అందరూ నవ్వారట. మరుసటి అమావాస్యకు వాడు లేడు. అప్పటినుంచి ఆమె ఆ తక్కెడను చేత్తో ముట్టలేదు, ఇంట్లో నూలు తూచేది మామే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసినా కోపం వచ్చేది. పోయినవాళ్ల కోసం ఉన్నదాన్ని చూడనివ్వదా అని లోపల్లోపల సణిగేదాన్ని.

బొటనవేలి సంగతి తెలిసిన రోజు నుంచి మా ఆయన ఏదో ఆలోచనలో పడ్డాడు. నేస్తూ నేస్తూ ఆగిపోయేవాడు, మామ మోచేత్తో పొడిచేవాడు. జ్యేష్ఠ అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు మేము మగ్గం ముట్టం. ఆ పూట ఆయన మగ్గం చివరన వేలాడే ఇసుక సంచుల్లో కుడివైపుది విప్పి తెచ్చాడు.

ఆ సంచులు ఎందుకో చెబుతాను. మా చీరలో నూలు పడుగు, అంటే నిలువు దారాలు, వేరు, అంచుల పట్టు పడుగు వేరు. పట్టు దారాలు బిగువుగా నిలబడాలంటే వాటిని ఆ చివర కర్ర మీదుగా వేసి, కుడి అంచుకు ఒకటి, ఎడమ అంచుకు ఒకటి, ఇసుక సంచులు కట్టి వేలాడదీస్తారు. రెండూ సమానంగా గుంజితే బట్ట ఎటూ పోకుండా తిన్నగా నిలుస్తుంది. చూసేవాళ్లకు అక్కడేమీ జరగనట్టే ఉంటుంది. నిజానికి ఇటు గుంజుడు, అటు గుంజుడు జరుగుతూనే ఉంటుంది.

ఆయన పిల్ల తొట్టెల పక్కనే అదే దూలానికి, అంతే పొడుగు తాళ్లతో, ఇంకో చీర తొట్టెల కట్టి అందులో సంచి పెట్టాడు. ఒక జానెడు వెదురు పుల్ల తీసుకుని ఒక చివరకు పిల్ల తొట్టెల తాడు, ఇంకో చివరకు సంచి తొట్టెల తాడు ముడేశాడు. పుల్ల నడిమధ్యన మరో తాడు కట్టి దాన్ని నా వేలికి ఇచ్చాడు. నేను చటుక్కున లాగాలి. పుల్ల అడ్డంగా అట్లాగే వస్తే రెండూ సమానం. ఒక చివర ముందుకు దూకితే ఆ పక్కది తేలిక.

అత్తమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "ఇది తక్కెడ గాదా?" అంది.

"తక్కెడ బరువు తూస్తదమ్మా. ఇది ఊపి చూస్తది. బరువు దూలమే మోస్తున్నది, మనం ముట్టుతలేం" అన్నాడు మా ఆయన.

ఆమె దూలం వైపు చూసింది, పిల్ల వైపు చూసింది. ఊపుడైతే ఏం కాదులే అంది. కొడుకు చెప్పింది ఆమెకు అర్థమైందని నేను అనుకోను. ఆమెకు కూడా తెలుసుకోవాలని ఉందని అనుకుంటాను.

లాగాను. సంచి ముందుకు దూకింది. పిల్ల దానికన్నా బరువైందన్నమాట. ఆయన సంచిలో ఒక పిడికెడు ఇసుక పోశాడు, మళ్లీ లాగాను. ఇంకో పిడికెడు. మూడో పిడికెడుకు పుల్ల అడ్డంగా, తిన్నగా నా వైపు వచ్చింది. పిల్ల ఆ ఊపుకు నోరంతా తెరిచి నవ్వింది. ఆ మూడు పిడికిళ్లను మళ్లీ తీసి ఒక కుండలో పోసి గూట్లో పెట్టాం, సంచి మగ్గానికి వెళ్లిపోయింది. ఆ రోజుకు మా పిల్ల ఒక సంచీ, మూడు పిడికిళ్లు. నా కళ్లకు అంతకన్నా మంచి లెక్క ఇంకొకటి కనపడలేదు.

ఆ సాయంత్రం ఆయన గడపలో కూర్చుని చందమామ సంగతి చెప్పాడు. అక్కడ గుంజుడు తక్కువట. పిల్ల అక్కడ కోడిపెట్టంత తేలికగా ఉంటుంది, కానీ తొట్టెల కట్టి చటుక్కున లాగితే నా వేలికి మాత్రం ఇక్కడ ఎంత మొండికేసిందో అక్కడా అంతే మొండికేస్తుందట. సరుకు ఎక్కడికీ పోదు. అమావాస్య కాబట్టి చూద్దామంటే ఆకాశంలో చందమామ లేదు. నేను లేని చందమామ మీద దూలం వేసి, తొట్టెల కట్టి, కాలు చాపుకుని కూర్చున్నట్టు ఊహించుకున్నాను. చల్లగా, చప్పుడు లేకుండా ఉంది అక్కడ. ఆ ఊహ చాలా రోజులు నన్ను వదల్లేదు.

తర్వాత ముసురు పట్టింది. మిద్దె మీద కొత్త మట్టి వేసినా రెండు మూడు చోట్ల కారింది. గిన్నెలు పెట్టాం, చట్లు పెట్టాం. పిల్లకు జలుబు చేసింది, పాలు తాగుతూ తాగుతూ వదిలేసేది. గుంటలో నీరు ఊరి మగ్గం ఆగిపోయింది. అమావాస్యకు రెండు రోజుల ముందు వాన వెలిసింది, గుంట మాత్రం ఇంకా ఆరలేదు.

ఆషాఢ అమావాస్య నాడు మళ్లీ అట్లాగే రెండు తొట్టెళ్లు కట్టి, సంచిలో కుండలోని మూడు పిడికిళ్లు పోసి, వెదురు పుల్ల కట్టి, నేను లాగాను. పిల్ల తొట్టెల దూకి వచ్చింది. సంచి కదిలీ కదలనట్టు వెనకే ఉండిపోయింది. మా ఆయన తాళ్ల పొడుగు చూశాడు, ముడులు చూశాడు, మళ్లీ లాగమన్నాడు. ఐదుసార్లు లాగాను. ఐదుసార్లూ పిల్ల పక్కే ముందుకు వచ్చింది. ఆ పిచ్చిది ప్రతిసారీ నవ్వింది.

పిల్ల తగ్గింది. కొంచెం కాదు, చాలా తగ్గింది.  అత్తమ్మ దేవుడి గూటి ముందు పోయి కూర్చుంది. మా ఆయన మూడు పిడికిళ్లు కుండలోకి తీసి, సంచిని మగ్గానికి కట్టేశాడు. ఆ రోజంతా నేను పిల్లను దించలేదు. అది వద్దన్నా పాలిచ్చాను, అది కక్కింది, నేను ఏడ్చాను.

మరునాడు తెల్లవారి మామ, మా ఆయన మగ్గంలో కూర్చోగానే నేను గూట్లోంచి తక్కెడ తీశాను. నాకు ఊపుళ్లు వద్దు, కితాబు వద్దు. ఎంత తగ్గిందో సేరూ సవాసేరుల్లో చూసి, కంపౌండరుకు చెప్పి, ఆయన ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోదామనుకున్నాను. అత్తమ్మ నాకు అడ్డం వచ్చి నిలబడింది. అరుస్తుందనుకున్నాను. ఆమె వంగి నా కాళ్ల దగ్గరికి చేతులు తెచ్చింది.

"నీ కాళ్లు మొక్కుత బిడ్డా. ఏడికన్న తీస్కపో. తక్కెట్ల మాత్రం పెట్టకు" అంది.

అత్త కోడలి కాళ్లు పట్టుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.  అయినా నేను మొండిదాన్ని, పెట్టే తీరతాను అనుకుంటూనే ఉన్నాను.

అప్పుడే గుంటలోంచి మామ విసుక్కోవడం వినపడింది. చీర కుడి దిక్కుకు గుంజుతుందట, కుడి అంచు ముడుచుకుని ముద్దలా వస్తుందట, ఎడమది బాగానే ఉందట. సంచి మళ్లీ కట్టేటప్పుడు సోయి ఉండాలి కదా అని కొడుకును తిట్టాడు. మా ఆయన లేచి మగ్గం ఆ చివరకు పోయాడు.  తర్వాత సంచిని రెండు చేతులా ఎత్తుకుని మా దగ్గరికి వచ్చి, మూతి విప్పి, నా చెయ్యి పట్టుకుని లోపలికి పెట్టాడు.

పైన పొడిగా ఉంది. గోనె కూడా ఆరిపోయి ఉంది. మణికట్టు దాకా పోయేసరికి ఇసుక చల్లగా, ముద్దగా, ఏటి ఒడ్డు ఇసుకలా తగిలింది. ముసురులో మిద్దె కారిన చోటు సరిగ్గా దాని మీదే. మేము గిన్నెలన్నీ మనుషులు కూర్చునే చోట పెట్టాం, మగ్గం చివర ఎవరూ చూడలేదు.

"తడిసింది సంచి. తగ్గింది పిల్ల గాదు" అన్నాడు ఆయన.

నాకు వెంటనే అర్థం కాలేదు. అత్తమ్మకే ముందు అర్థమైంది. నా చేతిలోంచి తక్కెడ తీసుకుంది, అన్నేళ్ల తర్వాత దాన్ని ముట్టుకున్న సంగతి కూడా చూసుకోకుండా గూట్లో పడేసి, పొయ్యి రాజేసింది. సంచిలో ఇసుకంతా పెద్ద పెనం మీద పోసి, అట్లకాడతో కలుపుతూ, పొగలు పోయేదాకా వేయించింది. ఇంట్లో ఇసుక వేయించిన వాసన ఎట్లా ఉంటుందో మీకు తెలియదు. నాకు మాత్రం ఇప్పటికీ ఎండకాలం తొలి చినుకు పడితే ఆ పెనం గుర్తొస్తుంది.

చల్లారాక కుండలోని మూడు పిడికిళ్లు కలిపి మళ్లీ ఊపాం. మామ కూడా గుంటలోంచి లేచి వచ్చి చూశాడు. ఈసారి పొడి సంచే ముందుకు దూకింది. మూడు పిడికిళ్లకు తోడు ఇంకొకటి పోశాం, ఇంకొకటి పోశాం. కొత్తగా పోసిన వాటిలో నాలుగో పిడికెడుకు పుల్ల తిన్నగా వచ్చింది. జలుబులోనూ, ముసురులోనూ, నా ఏడుపులోనూ పిల్ల నాలుగు పిడికిళ్లు పెరిగింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో చూసుకోలేదు. అత్తమ్మను గట్టిగా పట్టుకున్నాను, ఆమెను అంతకుముందు కాని, తర్వాత కాని అట్లా పట్టుకున్నట్టు గుర్తులేదు.

ఆ తర్వాత ప్రతి అమావాస్యా కుండలో ఇసుక పెరుగుతూ పోయింది. అత్తమ్మ ప్రతిసారీ ముందు సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూసేది, అప్పుడే మమ్మల్ని ఊపనిచ్చేది.

పదకొండో నెలలో బీచుపల్లికి పోయి కృష్ణ ఒడ్డున పుట్టెంట్రుకలు తీయించాం. ఇంటికి వచ్చాక, గుండుకు గంధం పూసిన పిల్లను ఎత్తుకుని, ఇంక తూచవచ్చు కదా అని మా ఆయన తక్కెడ దించబోయాడు. అప్పటికి చీర దిగి మగ్గం ఖాళీగా ఉంది. అత్తమ్మ ఆయన్ని ఆగమంది. మగ్గం దగ్గరికి పోయి కుడివైపు సంచి విప్పింది. గూట్లో కుండ దించి, అందులో ఇసుకంతా సంచిలో పోసి, పిల్లంత బరువు చేసి, మూతి కట్టింది. దాన్ని ఎత్తి ఎడమ భుజాన వేసుకుంది. ఒక చెయ్యి కింద పట్టి, ఇంకో చేత్తో దాని వీపు మీద మెల్లగా తడుతూ గదిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. 

"నా ఇద్దరు గింత కాలేదు బిడ్డా" అంది నాతో. "గిందులో సగం గూడ కాలేదు."

ఆమె మీద నేను లోపల సణుక్కున్న మాటలన్నీ నాకు అప్పుడు గుర్తొచ్చాయి. సిగ్గుపడ్డాను. మా ఆయన చేతుల్లోంచి పిల్లను తీసుకుని ఆమె కుడి భుజాన వేశాను. పిల్ల ఆమె మెడ పట్టుకుంది. ఆ పక్క సంచి, ఈ పక్క పిల్ల, మధ్యలో ఆమె ఏ పక్కకూ ఒరగకుండా తిన్నగా నిలబడింది. చాలాసేపు అట్లాగే నిలబడింది. తక్కెడ దించమని ఇంక ఎవరూ అడగలేదు.